పెద్దబాపు లెక్కపెట్టిన మంచి

మా పెద్దబాపు దినాల రోజు మైకు అందరి చేతుల్లోకీ వెళ్ళింది, నా దగ్గరికి మాత్రం రాలేదు. ఎల్లారెడ్డిలో నా దుకాణం పక్కన పంక్చర్లు వేసే అతను కూడా మాట్లాడాడు. ఆయనకూ మా పెద్దబాపుకూ ఉన్న సంబంధమల్లా ఒకసారి ట్రాక్టర్ ట్యూబుకు అతుకు వేయడమే. "నేనేసిన అతుకు నిలవలే. అయినా ఒక్క మాట అనలే. ఇంక నయం, బాయికాడ పోయింది, రోడ్డు మీద పోలే అన్నడు. గసొంటి మనిషి మళ్ళ పుట్టడు" అని కండ్లు తుడుచుకున్నాడు. నేను రెండో వరుసలో కూచుని ఉన్నాను. ఆ ఇంట్లో పెరిగినవాణ్ణి, ఆయన సొంత తమ్ముడి కొడుకుని. మైకు పట్టుకున్న మా అన్న, అంటే పెద్దబాపు కొడుకు, నా ముఖం చూశాడు. చూసి, నా తల మీదుగా వెనక వరుసకు అందించాడు. టెంటు ముందు కట్టిన ఫ్లెక్సీలో ఇంకా పాలు మరవని పిల్లల ఫొటోలు కూడా వేశారు. నాది లేదు.

"నీకు మైకిస్తే ఏం మాట్లాడుతవో ఊరంతకు ఎర్కనే" అన్నాడు అన్న తర్వాత, చేతులు కడుక్కునే చోట.

ఎరుకే అయితే ఇన్నాళ్ళూ జవాబెందుకు చెప్పలేదు? నేను అడిగేది ఒకటే. కామారెడ్డిలో ఒక దవాఖాన గదిలో మా అవ్వ జబ్బు గురించి డాక్టరుకు ఏం చెప్పారు, ఏం దాచారు? నన్ను కన్న తల్లి కాబట్టి అడిగే హక్కు నాకుంది. ఆ రోజు ఆ గదిలోకి మా అవ్వ, పెద్దబాపు, పెద్దమ్మ ముగ్గురూ వెళ్ళారు. నన్ను బయట కూచోబెట్టారు. అవ్వ ఎప్పుడో పోయింది. ఇప్పుడు పెద్దబాపూ పోయాడు. మైకు ఇవ్వలేదు కాబట్టి రాస్తున్నాను.

ఆయన కుడిచేతి బొటనవేలు ఎన్నడూ ఊరికే ఉండేది కాదు. బస్సు కోసం నిలబడినా, మడికి నీళ్ళు పారుతుంటే ఒడ్డు మీద కూచున్నా, అది మిగతా వేళ్ళ కణుపుల మీద నడుస్తూ ఉండేది. తెలియని వాళ్ళు జపం అనుకునేవారు. అది జపం కాదు, దేవుడు తనకు చేసిన మేలు లెక్క పెట్టుకుంటున్నాడు. చిటికెన వేలి కింది కణుపు దగ్గర మొదలయ్యేది. చూపుడు వేలి కొస దాకా వచ్చాక ఆయన ముఖం తేటపడేది, అప్పుడే కడిగి తుడిచిన ఇత్తడి చెంబులాగా.

మా ఇంట్లో బువ్వ దగ్గర ఒక పద్ధతి ఉండేది. పొద్దుగూకే వేళకు అందరూ కంచాల ముందు కూచోవాలి. తొలి ముద్ద కలిపి చేతిలో పట్టుకోవాలి. ఆ రోజు తనకు జరిగిన మంచి ఒకటి చెప్పాలి. చెప్పిన తర్వాతే ముద్ద నోట్లోకి. ముందు పెద్దబాపు, తర్వాత అన్న, ఆ తర్వాత నేను. అరుగు మీద కూచున్న జీతగాడు అక్కడి నుంచే చెప్పాలి. ఆడవాళ్ళు చివర, వంటింట్లోంచి.

"బర్రె ఇయ్యాల తన్నలే" అనేవాడు అన్న. "కరెంటు ఎక్కువ తక్కువైనా మోటరు కాలలే" అనేవాడు ఇంకో రోజు. నేను మోటర్లకు వైండింగ్ చేసేవాణ్ణి. మోటర్లు కాలితేనే నాకు పని. ఇంటిల్లిపాదీ మోటరు కాలనందుకు దేవునికి దండం పెడుతుంటే నేను ముద్ద పట్టుకుని వినాలి. ఇది ఎవరికీ తట్టలేదు. నేను చెబితే నవ్వారు.

జీతగాడు గట్టివాడు. ఒకసారి ముద్ద ఎత్తి పట్టుకుని, "పటేలా, ఇయ్యాల మంచి ఏందంటే, నాకు ఆకలి మస్తుగైంది. నువ్వు జెల్ది తిననిస్తే ఇంకింత మంచిగైతది" అన్నాడు. పెద్దబాపు అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆయనకు కోపం రాదు. ఊరంతా మెచ్చుకునేది అదే. నాకు గిట్టనిదీ అదే. కోపం వచ్చే మనిషితో కొట్లాడవచ్చు, నాలుగు మాటలు అని నాలుగు పడవచ్చు. ఈయనతో కొట్లాడితే ఆ కొట్లాటను కూడా ఒక కణుపు మీద వేసుకునేవాడు. "చూసినవా, పిల్లగానికి నోరున్నది. బతుకుతడు. ఇంక నయం."

ఇంకో సంగతి ఎవరూ మైకులో చెప్పలేదు. ఆయన చెప్పే మంచి ఎప్పుడూ పక్కవాడి గోడ అవతలి నుంచి వచ్చేది. మా బోరు పోస్తున్నదని ఊరికే అనేవాడు కాదు. ఎవరి బోరు ఎండిందో ముందు చెప్పి, తర్వాత మాది పోస్తున్నదనేవాడు. రామారెడ్డి దిక్కు రాళ్ళవాన పడి మక్క అంతా పండుకున్న రోజు మా చేను మీద నాలుగు చినుకులు పడ్డాయి. ఆ చినుకుల కంటే ఆ రాళ్ళ గురించే ఎక్కువ సేపు చెప్పాడు. ఎవరింట్లో ఏ కష్టం వచ్చినా ముందు చేరేది ఆయనే. గడ్డం గీయించుకుని, ఉతికిన ధోతి కట్టుకుని, తువాల భుజాన వేసుకుని బయలుదేరేవాడు. అక్కడ కూచుని, ఏడ్చేవాళ్ళ ముందు ఆ కష్టం కంటే పెద్ద కష్టం ఒకటి తీసి చూపించేవాడు. అది రానందుకు దండం పెట్టించేవాడు. వాళ్ళు ఏడుపు ఆపేవాళ్ళు. ఓదారినందుకో, విసిగినందుకో నాకు తెలియదు. చావింటికి పోయి వచ్చిన రోజు ఆయన ఒక రొట్టె ఎక్కువ తినేవాడు.

భిక్నూర్ దగ్గర మా దూరపు చుట్టం ఒకాయన లారీ తగిలి కాలు పోగొట్టుకున్నాడు. చూడటానికి పెద్దబాపు వెంట నేనూ వెళ్ళాను. పెద్దబాపు ఆ చుట్టం మంచం మీద కూచుని, బొటనవేలు కణుపు మీద పెట్టి మొదలుపెట్టాడు.

"ఇంక నయం, కాలే పోయింది. పానం ఉన్నది. ఇద్దరు కొడుకులున్నరు. కూసోబెట్టి సాదుతరు."

ఆ చుట్టం దుప్పటి సర్దుకుని అన్నాడు: "గట్లయితే నీ కాలు నాకియ్యి పటేలా. నిన్ను గూడ సాదనీకె కొడుకున్నడు గదా."

గదిలో ఉన్నవాళ్ళు నోటికి అడ్డంగా చేతులు పెట్టుకున్నారు. నేను బాహాటంగానే నవ్వాను. పెద్దబాపు ఏమాత్రం కదలలేదు. అందరి వైపూ తిరిగి, "చూసిండ్రా? నవ్వులాట ఆడుతున్నడు. మనసు మంచిగున్నది. ఇంక నయం" అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు పక్క ధాబాలో చాయ్ తాగుతూ తన రెండు కాళ్ళూ ముందుకు చాపుకుని చూసుకున్నాడు. నేను చూశాను.

ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో పెద్దమ్మ ఒకసారి చెప్పింది. అన్న కంటే ముందు వాళ్ళకు ఒక కొడుకు పుట్టాడట. నడిచే వయసులో జ్వరం వచ్చి ఒక్క రోజులో పోయాడట. "మీ పెద్దబాపుకు ముద్ద దిగకపోతుండె. కంచం ముందల కూసొని ఏడుస్తుండె. అప్పుడు మొదలువెట్టిండు గిది. ఏదన్న ఒక మంచి చెప్పుకుంటే గొంతుల నుంచి దిగుతుండె" అంది. ఆ మాట నేను నమ్ముతాను. కష్టం ఆయనకు వచ్చింది, మందు ఆయన కనిపెట్టుకున్నాడు, మంచిదే. ఆ మందు రోగం లేని వాళ్ళకూ, వేరే రోగం ఉన్నవాళ్ళకూ గొంతు పట్టుకుని పోయడం దేనికి?

మా బాపు నా చిన్నప్పుడే పోయాడు. అవ్వనూ నన్నూ పెద్దబాపు తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. బయటికి పంపలేదు, తక్కువ చేసి చూడలేదు. ఇది మైకులో అయిదుగురు చెప్పారు. అందులో అబద్ధం లేదు. అయితే పెట్టేవాడి ఇంట్లో రోజూ ముద్ద ఎత్తి మంచి చెప్పడం ఒకలాగా ఉంటుంది, పెట్టించుకునేవాళ్ళకు ఇంకోలాగా ఉంటుంది. అన్నకు అది ఆట. మా అవ్వకు అది కిరాయి.

అవ్వ తన బావతో, అంటే పెద్దబాపుతో, జన్మలో నేరుగా మాట్లాడలేదు. మా దిక్కు పెద్దింట్లో మర్యాద అదే. భర్త అన్న ఎదురైతే కొంగు తల మీదికి లాగి పక్కకు జరగాలి. చెప్పాల్సింది ఉంటే తోటికోడలికి చెప్పాలి. ఆయన పక్కనే నిలబడి వింటున్నా సరే, "అక్కా, బావకు చెప్పు, పాలాయన వచ్చిండు" అనేది. పెద్దమ్మ ఆయన వైపు తిరిగి "పాలాయన వచ్చిండట" అనేది. బువ్వ దగ్గర మంచి చెప్పడం కూడా అంతే. తలుపు చాటు నుంచి అవ్వ చెప్పేది, పెద్దమ్మ అందించేది.

2009లో నేను ఎల్లారెడ్డిలో దుకాణం తెరిచాను. మొదటి రోజు కొబ్బరికాయ కొట్టడానికి పెద్దబాపు వస్తానన్నాడు. నేను ముహూర్తం దాటేదాకా కాయ చేతిలో పట్టుకుని రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను. ఆయన రాలేదు. దోమకొండలో ఎవరో పోతే అక్కడికి వెళ్ళాడు. ఆ రోజు బువ్వ దగ్గర నా వంతు వచ్చింది.

"ఇయ్యాల మంచి ఏం కాలే" అన్నాను.

"యాది చేసుకో" అన్నాడు.

"చేసుకున్న. ఏం లేదు."

"గట్లయితే ముద్ద పట్టుకొనే కూసో. యాదికొచ్చినప్పుడు తిందువు."

మిగతావాళ్ళు చెప్పి తింటున్నారు. నా వేళ్ళ మీద అన్నం ఆరిపోతున్నది. నాకు ఎంతసేపైనా కూచోగల మొండితనం ఉంది, అది ఊళ్ళో అందరికీ తెలుసు. అప్పుడు తలుపు చాటు నుంచి అవ్వ గొంతు వినిపించింది. "అక్కా, బావకు చెప్పు. వాని దిక్కెల్లి నేను చెప్త. ఇయ్యాల నా కొడుకు దుకాణం తీసి, మళ్ళ నా కండ్ల ముందట బువ్వకు కూసున్నడు. గిది మంచి గాదా?"

"మస్తు మంచి. తినురా" అన్నాడు పెద్దబాపు. నేను తిన్నాను. అవ్వ మీద ఆ రోజు వచ్చిన కోపం నాకింకా పోలేదు. నా తరఫున మాట్లాడినా ఆమె ఎప్పుడూ వాళ్ళకే ఓడిపోతుందని అప్పుడే అర్థమైంది.

2011 వానాకాలంలో నా భార్యకు నెలలు నిండుతున్నాయి. ఒక పొద్దున ఆమె నన్ను దుకాణానికి పోనివ్వకుండా పక్కకు పిలిచింది. "అత్తమ్మ తెల్లారకముందే లేచి బట్టలు వేరేగ పిండుతున్నది. చీర కింద దాచి ఆరేస్తున్నది. గీ వయసుల గట్ల నెత్తురు పోవద్దు. కడుపుల నొప్పి గూడ ఉన్నదట. ఎవరికీ చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నది" అంది. నేను కొడుకును. ఆ సంగతి అవ్వను ఎట్లా అడగాలో నాకు తెలియలేదు. "పెద్దమ్మకు చెప్పు" అన్నాను. పుట్టింటికి పోయే ముందు నా భార్య కొట్టంలో పెద్దమ్మను పట్టుకుని అంతా చెప్పింది. "ఆడ డాక్టరు దగ్గరికి తీస్కపో అత్తమ్మా, నెత్తురు సంగతి తప్పకుండ చెప్పు" అని చేతులు పట్టుకుంది. పెద్దమ్మ ఏమన్నదో కూడా నా భార్య నాకు చెప్పింది. "నేను చెప్త తీ. మొగోళ్ళ చెవుల పడనియ్యకు."

కామారెడ్డికి వెళ్ళే రోజు నేను ఎల్లారెడ్డిలో దుకాణం మూసి బస్సులో వచ్చాను. మా ఊరి దగ్గర ముగ్గురూ ఎక్కారు. ఆడ డాక్టరు దగ్గరికి పోదామని పెద్దబాపుతో అన్నాను.

"నాకు తెల్సిన డాక్టరున్నడు. పొట్టకు మంచిగ చూస్తడు. కొత్తోళ్ళెందుకు?"

"నొప్పి ఒక్కటే కాదేమో" అన్నాను, అంతకంటే నోరు రాక.

"నీకు అన్నిట్ల ఒక పంచాయితీ కావాలె" అని కిటికీ వైపు తిరిగాడు.

దవాఖానలో మా పేరు పిలిచినప్పుడు నేనూ లేచాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి బెంచీ మీద కూచోబెట్టాడు. "నువ్వు రాకు. లోపల నోరు తెరిస్తే డాక్టరుతోని గూడ కొట్లాట పెట్టుకుంటవు." అక్కడున్న రోగులు నన్ను చూసి నవ్వారు. నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆమె నా వైపు చూసి తల ఊపింది. ఆ తల ఊపడాన్ని నమ్మి కూచున్నాను.

తలుపు సందులోంచి పెద్దబాపు గొంతు ఒక్కటే వినిపించింది. "దేవుని దయ సారూ. మంచిగ తింటది. మంచిగ పండుతది. పని గూడ చేసుకుంటది. కడుపుల జర నొప్పంటది, గంతే." డాక్టరు ఏదో అడిగాడు. మళ్ళీ పెద్దబాపు నవ్వు. ఆడవాళ్ళ గొంతు నాకు వినపడలేదు. చెప్పినా వినపడనంత మెల్లగా చెప్పారేమో అని ఎన్నోసార్లు అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటాను.

బయటికి వచ్చి పెద్దబాపు గోలీల సంచి నా చేతిలో పెట్టాడు. "గ్యాసేనట. ఇంక నయం. నువ్వు ఊకె పరేషాన్ చేసినవు." అవ్వ కొంగు కింద నవ్వుతున్నది. ఆమె నవ్వు చూసి నాకు కూడా ఒక్క నిమిషం ధైర్యం వచ్చింది. బస్టాండులో పెద్దబాపు మిర్చి బజ్జీలు కొనడానికి వెళ్ళినప్పుడు పెద్దమ్మ దగ్గరికి పోయాను.

"పెద్దమ్మా, చెప్పినవా?"

"బస్సొచ్చింది. ఎక్కు" అంది.

అప్పటికింకా బస్సు రాలేదు.

ఆ తర్వాత ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను. అవ్వ గోలీలు వేసుకునేది. రోజూ పొద్దుగూకే వేళ తలుపు చాటు నుంచి మంచి చెప్పేది. "ఇయ్యాల నొప్పి మాపటికి వచ్చింది. పొద్దంత పని చేసుకున్న." "ఇయ్యాల కూసొని లేచినప్పుడు కండ్లు తిరగలే." "ఇయ్యాల ఒక రొట్టె తిన్న." పెద్దమ్మ ఆ మాటలను ఒక్కటొక్కటిగా అందించేది. పెద్దబాపు నన్ను చూసి, "గిట్ల చెప్పాలె. మీ అవ్వను చూసి నేర్చుకో" అనేవాడు. తన నొప్పినంతా ఆమె మా ముందు రోజూ పరిచి పెట్టింది. ఆ ఇంటి వాళ్ళు దాన్ని మంచి అనుకుని తిన్నారు.

"మళ్ళొక్కసారి తీస్కపోదాం" అని నేను అన్నాను. "గోలీలు ఒడవనీ" అన్నారు. మళ్ళీ అన్నాను. "దసరా పోనీ" అన్నారు. "వాడు పుట్టినప్పటి సంది గట్లనే, ఏదీ వానికి సక్కగ కనవడదు" అని అన్న నా ముందే జీతగాడితో అన్నాడు. ఔను, నేను అన్నింటికీ అడ్డం తిరిగేవాణ్ణే. లగ్న పత్రికలో నా పేరు వదిలేసినందుకు చుట్టాల పెండ్లికి పోని వాణ్ణే. అంత మాత్రాన నేను చెప్పిన ప్రతిదీ అబద్ధమవుతుందా? ఇల్లు కాలుతున్నదని కూడా నా నోట్లోంచి వస్తే సణుగుడేనా?

మక్కలు ఆరబోస్తున్న చోట అవ్వ ఒక మధ్యాహ్నం పడిపోయింది. చీర తడిసింది. ఆ రోజు దాచడానికి ఏమీ మిగల్లేదు. హైదరాబాదు తీసుకుపోయాం. అక్కడ ఆడ డాక్టరు అన్నీ చూసి, నన్నూ పెద్దమ్మనూ బయటికి పిలిచి, గర్భసంచిలో మొదలై అంతటా పాకిందని చెప్పింది. "ఇన్ని నెలలుగా రక్తం పోతుంటే ఎవరూ ఏ డాక్టరుకూ చెప్పలేదా? అప్పుడే తెలిస్తే దారి ఉండేది" అంది. నేను పెద్దమ్మ వైపు తిరిగాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుంది.

అవ్వ ఇంటికొచ్చాక ఎక్కువ రోజులు లేదు. పాడె లేపేటప్పుడు పెద్దబాపు అందరి మధ్యా నిలబడి బొటనవేలు కణుపు మీద పెట్టాడు. "కొడుకు చేతుల మీద పోయింది. మనవణ్ణి చూసి పోయింది. ఎక్కువ మంచాన పడలే, ఎవరికీ బరువు కాలే. ఇంక నయం." ఊరి పెద్దమనుషులు తలలూపారు. నేను చేతిలో ఉన్న నిప్పుకుండ కింద పెట్టి ఆయన దగ్గరికి పోయాను. నలుగురు పట్టుకున్నారు. దినాలు కాగానే నా భార్యనూ కొడుకునూ తీసుకుని ఎల్లారెడ్డిలో కిరాయింట్లో దిగాను.

కామారెడ్డి డాక్టరును అడిగాను. దినాం ఎంతో మంది వస్తారు, నాకు యాది లేదన్నాడు. ఆయన అన్నది నిజమే కావచ్చు. తర్వాత పెద్దబాపునే అడిగాను, బాయి దగ్గర, ఒక్కడే ఉన్నప్పుడు.

"అడిగినదానికల్ల చెప్పిన" అన్నాడు.

"నెత్తురు పోతున్న సంగతి?"

"ఏం నెత్తురు?"

ఆయన బొటనవేలు ఆగిపోయింది. ఆ ముఖం నేను మర్చిపోలేదు. నిజంగా తెలియదు ఆయనకు. పడిపోయిన రోజు చూసింది కూడా అప్పటికప్పుడు వచ్చిన కష్టం అనుకున్నాడు. బాయి గట్టు మీద కూలబడి అన్నాడు: "గా సంగతి ఉన్నదని తెలిస్తే నేను గదిలకెల్లి బయటికి రాకపోదునా?"

తెలియని మనిషి మీద పగ ఎందుకు, వదిలెయ్యి అని నా భార్య కూడా అంది. నేను వదల్లేదు. ఆయనకు తెలియకపోవడం ఊరికే జరిగింది కాదు. ఇంట్లో ఎవరూ ఆయన ముందు చెడ్డ సంగతి చెప్పకుండా ఏళ్ళ తరబడి రోజూ అలవాటు చేశాడు. ఆయన అంత కష్టపడి సంపాదించుకున్న తెలియనితనం అది.

తెలంగాణ వచ్చిన ఏడాది ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. చుట్టాలందరూ చూసి వచ్చారు. నేను అందరూ చూసి పోయాక వెళ్ళాను. మంచం మీద వెల్లకిలా ఉన్నాడు. నన్ను చూసి ఏదో అనబోయాడు, చొంగ కారింది. తువాలతో తుడిచాను. పక్కన కూచుని ఆయన కుడి చెయ్యి నా ఒళ్ళో పెట్టుకున్నాను. చల్లగా, బరువుగా ఉంది. ఆయన బొటనవేలిని నా వేళ్ళతో పట్టుకుని చిటికెన వేలి కింది కణుపు మీద పెట్టాను.

"కుడి పక్కనే పోయింది పెద్దబాపు. ఎడమ పక్క ఉన్నది. ఇంక నయం."

తర్వాతి కణుపు.

"మాట పోయింది. చెవులు మంచిగున్నయ్. నేను చెప్పేది ఇనొచ్చు. ఇంక నయం."

ఇంకో కణుపు. "నొప్పి ఏడున్నదో నువ్వు ఎవరికీ చెప్పలేవు. అయినా చెప్పనీకె మనిషున్నది, పెద్దమ్మ ఉన్నది. డాక్టరు అడిగితే ఆమె చెప్తది. ఇంక నయం."

ఆయన ఎడమ చెయ్యి పైకి లేచి నా మణికట్టు పట్టుకుంది. అంత బలం ఉంటుందనుకోలేదు. నెట్టలేదు, లాగలేదు, పట్టుకుని ఉన్నాడు అంతే. కంట్లోంచి నీళ్ళు చెవి వైపు జారుతున్నాయి. నేను ఆపలేదు. చూపుడు వేలి కొస దాకా తీసుకుపోయాను. వెనక పెద్దమ్మ వచ్చి నిలబడినట్టు ఆలస్యంగా తెలిసింది.

"ఏం జేస్తున్నవురా?"

"పెద్దబాపుకు మంచి చెప్తున్న."

"నీకు దండం పెడ్త, పో ఈడికెల్లి."

"పోత. గా దినం గదిల చెప్పినవా లేదా, గదొక్కటి చెప్పు. పోత."

ఆమె మంచం అవతలి వైపు పోయి ఆయన దుప్పటి సర్దడం మొదలుపెట్టింది. నేను చేసింది పాపం అని ఊళ్ళో అనుకున్నారట. అనుకోనీ. మా అవ్వ పాడె ముందు ఆయన లెక్కపెట్టినప్పుడు తలలూపినవాళ్ళే వీళ్ళు.

పెద్దబాపు దినాల రోజు లోపలి గదిలో పెద్దమ్మ చుట్టూ ఆడవాళ్ళు కూచుని ఉన్నారు. "తెలంగాణ చూసి పోయిండు, ఇంక నయం" అంటున్నది ఒకామె. ఆయన నేర్పిన చదువు ఊరంతా వచ్చింది. నేను వంగి, పెద్దమ్మకు మాత్రమే వినపడేలా మళ్ళీ అదే మాట అడిగాను. ఆమె కళ్ళు ఎత్తలేదు. "పోయినోళ్ళు పోయిండ్రు. పెండ్లాం ఉన్నది, కొడుకున్నడు, దుకాణం నడుస్తున్నది. ఉన్నదానికి దండం పెట్టుకో బిడ్డా" అంది. "గిప్పుడా అడిగేది?" అని పక్కనున్నామె నన్ను కసిరింది. ఆయన ఉన్నప్పుడు అడిగితే ఆయన ముందా అన్నారు. పక్షవాతంలో అడిగితే గసొంటి మనిషి ముందరా అన్నారు. పోయాక అడిగితే గిప్పుడా అన్నారు. మరి ఎప్పుడు?

పెద్దమ్మా, నీకు చదువు రాదు, ఇది మనవరాలితో చదివించుకో. పూర్తిగా చదవమను, మధ్యలో ఆపనియ్యకు. నీకు ఆయన ముందు ఆ మాట చెప్పడానికి సిగ్గయి ఉంటుంది. ఆయనను బయటికి పొమ్మనడానికి నోరు రాలేదేమో. లేక మా అవ్వే నీ చెయ్యి గిల్లి వద్దన్నదా? ఆమె వద్దంటే, ఏ మాటతో వద్దన్నదో ఆ మాట నాకు కావాలి, అది నా తల్లి మాట. నువ్వు చెప్పి, డాక్టరే పట్టించుకోకపోతే అది కూడా చెప్పు, నీ కాళ్ళు మొక్కుతాను. నాకు ఓదార్పు వద్దు. ఏది మిగిలిందో లెక్కపెట్టి చూపించొద్దు. నీ పక్కన ఇప్పుడు ఆయన లేడు, నువ్వు కొంగు లాక్కోవాల్సిన మనిషి ఇంట్లో ఎవరూ లేరు. చెప్పినవా పెద్దమ్మా, చెప్పలేదా? ఒక్క మాట చెప్పు.